బాండ్ల జాబితా ఎవరికీ పట్టలేదు, లడ్డూ మాట పూటలో ఊరంతా పాకింది: ఎందుకిలా?

గోదారి_గట్టు
2024 మార్చి 14న ఎన్నికల సంఘం ఎలక్టోరల్ బాండ్ల (ఇచ్చినవాళ్ల పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే బ్యాంకు పత్రాల) జాబితాను వెబ్‌సైట్‌లో పెట్టింది. ఏ కంపెనీ ఎన్ని కోట్లకు కొన్నదో, ఏ పార్టీ ఎన్ని కోట్లు మార్చుకున్నదో అంతా అందులో ఉంది. ఎవరో గిట్టనివాళ్లు అన్న మాట కాదది, స్టేట్ బ్యాంకు ఇచ్చిన లెక్క. సుప్రీంకోర్టు ఫిబ్రవరి 15న ఆ పథకాన్ని కొట్టేస్తేనే అది బయటికొచ్చింది. మర్నాడు మా ఆఫీసులో దాని ఊసెత్తిన మనిషి లేడు.

ఆర్నెల్లు తిరిగాక, సెప్టెంబర్ 18న, తిరుమల లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ముఖ్యమంత్రి చంద్రబాబు అన్నారు. తెల్లారేసరికి అదే ఆఫీసులో అటెండర్ నుంచి మేనేజర్ దాకా అందరూ తీర్పు చెప్పేశారు. కొందరు నూటికి నూరుపాళ్లు నిజమన్నారు, కొందరు పచ్చి అబద్ధమన్నారు. చూద్దాం, తేలనివ్వండి అన్నవాడు ఒక్కడూ లేడు.

రుజువు చేతిలో ఉన్నదాన్ని వదిలేసి, రుజువు అప్పటికి ఇంకా తేలనిదాని మీద ఇంత వేడెక్కుతాం. ఎందుకు? పార్టీ పిచ్చి అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. అది నాకూ తెలుసు, కానీ దానితో లెక్క పూర్తిగా కుదరడం లేదు.

సత్తెనపల్లి_సూరి
పార్టీ పిచ్చే. ఇంకేం ఉంటుంది?

అకౌంట్స్_లక్ష్మి
సూరి గారూ, పార్టీ పిచ్చే అయితే బాండ్ల జాబితాను కనీసం ఒక పార్టీవాళ్లయినా మోయాలిగా. మన రెండు రాష్ట్రాల్లో గట్టిగా ఎవరూ మోయలేదు. ఎందుకో జాబితా చూస్తే తెలుస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన లెక్కలో బీజేపీకి 6,000 కోట్ల పైన. తృణమూల్‌కి 1,600, కాంగ్రెస్‌కి 1,400 దాటాయి. నాలుగో స్థానం ఎవరిదో చూడండి: బీఆర్ఎస్, 1,200 కోట్ల పైమాటే. ఒక్క రాష్ట్రంలో పట్టున్న పార్టీ దేశం మొత్తంలో నాలుగోది. వైసీపీకి 337 కోట్లు, టీడీపీకి 219 కోట్ల దాకా వచ్చాయి. కొన్నవాళ్లలో మొదటిది లాటరీ కంపెనీ, రెండోది మన హైదరాబాద్ కంపెనీ, 966 కోట్లు.

ఇక ఎవరు ఎవరి మీద విసురుతారు? విసిరిన రాయి తిరిగి తన నెత్తినే పడుతుంది. మోసేవాడు లేని ఆరోపణ జనం దాకా రాదు.

ఎర్ర_సైకిల్
సీపీఎం బాండ్లు తీసుకోలేదు లక్ష్మి గారూ. కేసు వేసినవాళ్లలో ఆ పార్టీ కూడా ఉంది. మోసినవాళ్లు ఉన్నారు, వినే చెవులు లేవు.

అకౌంట్స్_లక్ష్మి
ఒప్పుకుంటాను. కానీ ఆ పార్టీ మాట ఇవాళ మన దగ్గర ఎంత దూరం పోతుందో మీకూ తెలుసు. సాయంత్రం చర్చల్లో వాళ్లకి మైకు వచ్చేసరికి ప్రకటనల టైమవుతుంది.

నల్లగొండ_నర్సన్న
అన్నలూ, అక్కలూ, మీరు బాండ్ల దాకా పోతున్నరు. మా దిక్కు చూడండి. 2021ల హుజూరాబాద్ ఉప ఎన్నిక, మళ్ల 2022 నవంబర్ల మునుగోడు. పక్కింటికి కవర్ వచ్చింది, మాకెందుకు రాలేదని ఆడోళ్లు రోడ్డు మీద కూర్చున్నరు. టీవీల్ల అందరూ చూసిన్రు. ఓటుకు పైసలియ్యడం నేరం, తీసుకోవడం నేరం. ఆ నేరంల తన వాటా రాలేదని కెమెరా ముందర ధర్నా. ఇంతకంటే దిమ్మతిరిగే ముచ్చట ఇంకోటి ఉంటదా? ఎవరికన్నా దిమ్మ తిరిగిందా?

అందరికీ తెల్సిన సంగతికి ఎవరూ ఉలిక్కిపడరు. గంతే.

వరంగల్_స్వాతి
నర్సన్నా, వాళ్లను తప్పుబట్టే ముందు ఒకటి ఆలోచించు. ఇద్దరు అభ్యర్థులూ పంచుతున్నప్పుడు నేనొక్కదాన్ని వద్దంటే ఎన్నిక మారదు, నా ఇంట్లో నెల ఖర్చు మాత్రం మారుతుంది. ఆ ఆడవాళ్లకి రాజకీయం తెలియదని కాదు. తెలిసినా చేయగలిగింది ఏదీ లేదని తెలుసు.

నల్లగొండ_నర్సన్న
అక్కా, నేను వాళ్లను అంటలేను. మనకు కోపం ఎందుకు రాదని అంటున్న.

డల్లాస్_వాసు
ఇక్కడ ఉన్నవాడిగా రెండు ముక్కలు. వాటర్‌గేట్ భవనంలో ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో దొంగతనం 1972 జూన్ 17న జరిగింది. దాని వెనక అధ్యక్షుడు నిక్సన్ మనుషులున్నారని పేపర్లు ఆ అక్టోబర్ నాటికే రాశాయి. నవంబర్‌లో ఎన్నికలు వస్తే నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. అంటే జనం దాన్ని పట్టించుకోనే లేదు. తర్వాత వైట్‌హౌస్‌లో మాటలన్నీ టేపులకెక్కాయని బయటపడింది. చివరికి 1974 ఆగస్టులో ఆయన గొంతే ఆయన్ని పట్టించింది, నాలుగు రోజుల్లో రాజీనామా చేశాడు. పేపర్ల రాతకి కదలని జనం, టేపుల్లోని ఆయన మాటలే బయటికొచ్చాక కదిలారు.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు. 2020 అధ్యక్ష ఎన్నికలో ఓటింగ్ మెషీన్లు మోసం చేశాయన్నారు. జార్జియాలో దాదాపు 50 లక్షల పేపర్ ఓట్లను చేత్తో మళ్లీ లెక్కబెట్టారు, ఫలితం మారలేదు. మెషీన్ల కంపెనీ పరువునష్టం దావా వేస్తే, ఆ మాటలు ప్రసారం చేసిన ఫాక్స్ న్యూస్ 2023లో 78 కోట్ల 75 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. అయినా నా పక్క క్యూబికల్ ఆయన ఇవాళ్టికీ మెషీన్లే గెలిపించాయంటాడు. రుజువు వల్ల నమ్మకం రాలేదు కాబట్టి రుజువు వల్ల పోలేదు.

సత్తెనపల్లి_సూరి
గొంతు వింటే కదులుతారా వాసు గారూ? 2015 ఓటుకు నోటు కేసులో మనమూ గొంతులు విన్నాం, వీడియో కూడా చూశాం. ఏం కదిలింది? రింగ్‌టోన్‌లు పెట్టుకున్నారు, అంతే.

డల్లాస్_వాసు
మంచి పాయింట్. అక్కడ టేపు బయటికొచ్చాక సొంత పార్టీ సెనేటర్లే వెళ్లి ఇక మా ఓట్లు లేవని చెప్పారు. గొంతు ఒక్కటే చాలదు, విన్నాక సొంతవాళ్లు పక్కకు తప్పుకోవాలి. మన కేసులో ఆంధ్ర వైపు నుంచి అసలు మా ఫోన్లు ఎలా విన్నారని ఎదురు ఆరోపణ వచ్చింది. సగం మంది ఒకటి పట్టుకున్నారు, సగం మంది రెండోది పట్టుకున్నారు.

కడప_కుర్రోడు
ఈవీఎంల గురించి ఎవరూ మాట్లాడరేం? 2024లో 175కి 164 కూటమికి వచ్చాయి, వైసీపీకి 11. రాత్రి చెప్పిన పోలింగ్ శాతం ఒకటి, తర్వాత చెప్పింది ఇంకొకటి. జగన్ గారు పేపర్ బ్యాలెట్ కావాలని జూన్ 18న పోస్టు పెడితే అందరూ ఎగతాళి చేశారు. ఇది మాత్రం పట్టించుకోవాల్సిన ఆరోపణ కాదా?

సత్తెనపల్లి_సూరి
2019లో 151 వచ్చినప్పుడు ఈవీఎంలు బంగారం.

కడప_కుర్రోడు
2019లో మీ నాయకుడు చంద్రబాబు 21 పార్టీలని వెంటేసుకుని సుప్రీంకోర్టుకి వెళ్లారు. అప్పుడు మీకు బంగారం కాదుగా?

గోదారి_గట్టు
ఇద్దరూ ఆగండి. ఇది నా ప్రశ్నకి బాగా దగ్గరగా ఉంది. ఈ అనుమానం మన రాష్ట్రంలో ఎన్నిసార్లు చేతులు మారిందో చూడండి. 2009లో ఓడాక టీడీపీ అనుమానించింది. 2010లో బీజేపీ నాయకుడు జీవీఎల్ నరసింహారావు ఈవీఎంల మీద ఏకంగా పుస్తకం రాశారు, ముందుమాట అద్వానీది. అదే ఏడాది హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్ ఒక ఈవీఎంని తెరిచి ఎలా మార్చొచ్చో చూపించారు, ఆ మెషీన్ ఎక్కడిదని ఆగస్టులో అరెస్టయ్యారు. 2014లో ఆ రెండు పార్టీలూ కలిసి గెలిచాయి, అడిగే గొంతు తగ్గింది. 2019లో మళ్లీ లేచింది. 2024లో ఇల్లు మారింది. మెషీన్లలో ఏ లోపాలున్నాయో గెలిచినవాడికీ అవే ఉన్నాయిగా? గెలిచాక కూడా అదే ప్రశ్న అడిగిన పార్టీ ఒక్కటి కనబడితే నేను దాన్ని సీరియస్‌గా తీసుకుంటాను.

పీఓ_మాస్టారు
నేను టీచర్ని. ఎన్నికల డ్యూటీ చాలాసార్లు చేశాను, 2024 మే 13న కూడా ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని. పార్టీల సంగతి వదిలేసి చూసింది చెబుతాను.

ఏడింటికి పోలింగ్ అంటే తెల్లవారుజామున ఐదున్నరకి మాక్ పోల్ పెడతాం. పార్టీల ఏజెంట్లు ఎదురుగా ఉంటారు. కనీసం 50 ఓట్లు, నోటాతో సహా ప్రతి గుర్తుకూ పడాలి. తర్వాత క్లోజ్ నొక్కాలి, రిజల్ట్ చూపించాలి, చివర క్లియర్ నొక్కి ఆ ఓట్లు చెరపాలి. వీవీప్యాట్‌లో (వేసిన ఓటును కాగితం మీద చూపే యంత్రంలో) పడిన స్లిప్పులన్నీ బయటికి తీసి, వెనక ముద్ర వేసి, నల్ల కవర్‌లో పెట్టి సీల్ చేయాలి. అప్పుడు కంట్రోల్ యూనిట్‌ని సీల్ చేస్తాం, ఏజెంట్లు సంతకాలు పెడతారు. నిద్ర ఉండదు, ముందు రోజు సామాను మోసిన ఒళ్లునొప్పులుంటాయి, బయట అప్పటికే జనం నిలబడి ఉంటారు. ఆ టెన్షన్‌లో క్లియర్ నొక్కడం మరిచిపోయే ప్రమాదం నిజంగా ఉంది.

కుర్రోడూ, ఇది నీ జిల్లా సంగతి. 2024 ఏప్రిల్ 26 తీర్పులో సుప్రీంకోర్టు 41,629 వీవీప్యాట్‌ల స్లిప్పులను లెక్కించిన వివరం రాసింది. తేడా వచ్చింది ఒకేఒక్క చోట. 2019లో మైదుకూరు నియోజకవర్గం, 63వ నంబర్ పోలింగ్ కేంద్రం. కారణం: మాక్ పోల్ ఓట్లను చెరపలేదు.

ఇక రాత్రి పెరిగిన శాతం. ఆరు గంటలకి గేటు దగ్గర క్యూ ఉంటే, చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకు స్లిప్పులు ఇచ్చుకుంటూ వస్తాం, వెనక కొత్తవాళ్లు చేరకుండా. ఆ స్లిప్పు ఉన్న అందరూ ఓటేసేదాకా పోలింగ్ నడుస్తుంది. ఆ రోజు మన రాష్ట్రంలో కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటింది. సాయంత్రం ఫోన్లో చెప్పిన అంచనాకీ తుది లెక్కకీ తేడా రావడానికి అదొక కారణం. అన్నిటికంటే ముఖ్యం ఫారం 17సీ. మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి, సంతకం పెట్టి, ప్రతి ఏజెంటుకీ కాపీ ఇవ్వాలి. ప్రతి పార్టీ ఆఫీసులో ఆ కాగితాల కట్ట ఉండాలి. వాటిని కౌంటింగ్ నాటి అంకెతో కేంద్రం కేంద్రంగా సరిచూసి తేడాలు బయటపెడితే, ఆ ఆరోపణని నేను కూర్చుని చదువుతాను.

కడప_కుర్రోడు
మాస్టారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ నియోజకవర్గానికి ఐదే ఐదు కేంద్రాల్లో స్లిప్పులు లెక్కించడం ఎందుకు? అన్నీ లెక్కిస్తే గొడవే ఉండదుగా. ఒంగోలులో ఓడిన మా వైసీపీ అభ్యర్థి బాలినేని గారు 12 కేంద్రాల మెషీన్లు తనిఖీ చేయమని డబ్బు కట్టారు, ఒక్కోదానికి 40,000, పైన జీఎస్టీ. స్లిప్పులు లెక్కపెట్టమంటే మాక్ పోల్ చేసి చూపిస్తామన్నారు. ఇలా చేస్తే అనుమానం రాదా?

పీఓ_మాస్టారు
వస్తుంది. ఆ అడగడంలో తప్పేమీ లేదు, ఎన్నికల సంఘం చూపించిన తీరు నాకూ నచ్చలేదు. అడిగిన స్లిప్పులు లెక్కపెట్టేసి ఉంటే ఒక్క రోజులో పోయేది.

సత్తెనపల్లి_సూరి
ఆ బాలినేని గారే సెప్టెంబర్‌లో జనసేనలో చేరారు. కూటమిలోకి వెళ్లాక ఆ 12 కేంద్రాల ఊసు విన్నారా ఎవరైనా?

డల్లాస్_వాసు
కుర్రోడూ, అన్నీ లెక్కించాలన్న మాట నాకు నచ్చింది, ఖర్చయినా చేయాలి. కానీ గొడవ ఉండదన్నది మాత్రం నమ్మకు. పైన జార్జియా చెప్పాను కదా.

భీమ్లీ_భాను
మీరంతా ఆరోపణ ఎవరిదని చూస్తున్నారు. నేను అది ఎలా కనబడుతుందని చూస్తాను. 2016 నవంబర్‌లో 2000 నోటులో చిప్ ఉందన్నారు. భూమిలో 120 మీటర్ల లోతున దాచినా శాటిలైట్ పట్టేస్తుందన్నారు. రిజర్వ్ బ్యాంకు అదేం లేదంది. అయినా మా వీధి కిరాణా కొట్టాయన నోటును లైటుకేసి పట్టి, మధ్యలో ఉన్న ఆ గీతను గోటితో గీకి గీకి చూసేవాడు. వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. 2018లో రిజర్వ్ బ్యాంకు వార్షిక నివేదికలో రద్దయిన నోట్లలో 99.3 శాతం వెనక్కి వచ్చేశాయని రాసింది. నల్లధనం కాగితాలుగా మిగిలిపోతుందన్న మాట ఏమైంది మరి? ఇది చిప్ కంటే వందరెట్లు పెద్ద సంగతి. దాన్ని లైటుకేసి పట్టి చూడలేం, అందుకని ఆ కొట్లో దాని మాటే రాలేదు.

గోదారి_గట్టు
భాను చెప్పింది లడ్డూకీ సరిపోతుంది. నోట్లో పెట్టుకున్నది, ఇంటికి తెచ్చి పంచింది. బాండు ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు.

పురాణం_శర్మ
లడ్డూని నోటు పుకారుతో కలపకండి. అది కోట్లమంది భక్తికి సంబంధించినది, అంత బాధ కలగడం సహజం. పైగా కల్తీ సంగతి ఉత్తిది కాదు. సుప్రీంకోర్టు అక్టోబర్ 4న సిట్ వేసింది, మరుసటి ఫిబ్రవరిలో అరెస్టులు జరిగాయి.

అకౌంట్స్_లక్ష్మి
శర్మ గారూ, బాధ సహజం, నేనూ బాధపడ్డాను. కానీ అక్కడ రెండు ప్రశ్నలున్నాయి. నెయ్యి కల్తీదా అన్నది ఒకటి. అందులో జంతువుల కొవ్వు ఉందా అన్నది ఇంకొకటి. ల్యాబ్ రిపోర్టులోనే ఫలానా పరిస్థితుల్లో ఈ పరీక్ష తప్పు చూపే అవకాశం ఉందని రాశారు, ఆవులకు పెట్టే మేత దగ్గర్నుంచి. ఎంతమంది అక్కడిదాకా చదివారు? మొదటిది తేలితే రెండోదీ తేలినట్టేనని ఒకరు, రెండోది తేలలేదు కాబట్టి మొదటిదీ అబద్ధమేనని ఇంకొకరు. రెండూ తప్పే. దేవుణ్ణి రాజకీయాల్లోకి లాగొద్దని సెప్టెంబర్ 30న కోర్టు అన్నది ఇందుకే.

పురాణం_శర్మ
ఈ రెండూ వేరు అన్నది సరైన మాట. దాన్ని ఒప్పుకోవడానికి నాకు ఇబ్బంది లేదు.

వరంగల్_స్వాతి
గట్టు గారూ, మీ మొదటి ప్రశ్నలోనే నాకు ఒక పేచీ ఉంది. బాండ్ల సంగతి జనం నమ్మలేదని ఎందుకు అనుకుంటున్నారు? నమ్మారు. చూడగానే నమ్మారు. కంపెనీలు పార్టీలకి డబ్బిస్తాయి, పార్టీలు కాంట్రాక్టులిస్తాయి అన్నది మా అమ్మకి కూడా తెలుసు. "అందరూ అంతే" అనేసి టీవీ మార్చింది. అది నమ్మకపోవడం కాదు, పూర్తిగా నమ్మేసి ఆశ వదులుకోవడం.

లడ్డూ విషయంలో చేయడానికి ఏదో ఒకటి ఉంది. తిరుమలలో శాంతి హోమం చేశారు, పవన్ కల్యాణ్ గారు 11 రోజుల దీక్ష పట్టారు, ఇళ్లల్లో దీపాలు పెట్టారు. చిప్ విషయంలో నోటు గీకి చూడొచ్చు. ఈవీఎం విషయంలో మనం ఓడలేదని చెప్పుకోవచ్చు. బాండ్ల విషయంలో మా అమ్మ ఏం చేయాలి? ఎవరికి ఓటేయకుండా ఉండాలి? జాబితాలో అందరూ ఉన్నారని లక్ష్మి గారే చెప్పారు. నిందకి ఒక ముఖం కావాలి, విన్నవాడికి ఒక పని కావాలి. రెండూ లేకపోతే అది మర్నాడు పాత పేపరే.

ఎర్ర_సైకిల్
స్వాతి గారి మాటకి బోఫోర్స్ ఫిరంగుల కేసు సాక్ష్యం. 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియోలో వచ్చింది. 64 కోట్ల ముడుపులు. గోడల మీద రాశారు. రాజీవ్ గాంధీ ఒక్క ముఖం, 1989 ఎన్నిక ఒక్క పని. ఓడించారు. 2004లో ఢిల్లీ హైకోర్టు ఆయన మీద లంచం ఆరోపణ కొట్టేసిన వార్త ఎంతమందికి గుర్తుంది? బాండ్లు మొత్తం 16,518 కోట్లు. ముఖం లేదు.

నల్లగొండ_నర్సన్న
2జీ స్పెక్ట్రం కేసు కూడా గట్లనే. 1 లక్షా 76 వేల కోట్లు అన్న అంకె చిన్నపిల్లలకు సుత నోటికొచ్చింది. 2017 డిసెంబర్ 21న ప్రత్యేక కోర్టు అందర్నీ వదిలేసింది. దాని మీద అప్పీలు కూడ వేసిన్రు. అంకె గుర్తున్నది, తీర్పు గుర్తులేదు.

భీమ్లీ_భాను
స్వాతి అక్కా, అయితే జనం తప్పేమీ లేదంటావా?

వరంగల్_స్వాతి
తప్పు లేదని అనడం లేదు భానూ. "అందరూ అంతే" అన్నమాట నాకు భయం. తెలంగాణలో 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసులో ఇంటెలిజెన్స్ అధికారి అరెస్టయ్యారు. ఎవరి ఫోన్లు విన్నారన్న పేర్ల కోసం అందరూ ఎగబడ్డారు. పోలీసు ఆఫీసులో కూర్చుని ఎవరి మాటైనా వినే వీలు ఎలా వచ్చింది, రేపు అది ఆగిందని ఎవరు చూస్తారు అంటే మా బంధువుల్లోనే ఒకాయన, ఏ ప్రభుత్వమైనా వింటుందమ్మా అన్నారు. ఆ మాటతో దొంగకీ మంచివాడికీ ఒకే శిక్ష పడుతుంది, అంటే దొంగకి ఏ శిక్షా పడదు. ఈ మాట జనం నోట్లో ఉన్నంతకాలం ఏ పార్టీకీ భయం లేదు.

సత్తెనపల్లి_సూరి
ఇది బాగా చెప్పారు స్వాతి గారూ. పార్టీ పిచ్చి ఒక్కటే అయితే మందుందేమో. దీనికి?

అకౌంట్స్_లక్ష్మి
మందు సంగతి తెలియదు గానీ, నేను చేసిన పని ఒకటి చెబుతాను. మార్చి 14న వచ్చినవి రెండు ఫైళ్లు: కొన్నవాళ్లది ఒకటి, తీసుకున్న పార్టీలది ఒకటి. రెండూ కలపడానికి వీల్లేకుండా ఉన్నాయి. అంతకుముందే బ్యాంకు జూన్ 30 దాకా గడువడిగింది, కోర్టు ఒప్పుకోలేదు. కోర్టు మళ్లీ గట్టిగా అడిగాక 21న బాండ్ల నంబర్లు కూడా వచ్చాయి. ఆ నంబర్లతో రెండు ఫైళ్లనీ ఎక్సెల్‌లో జతచేసి, మా వైపు పనులు చేసే కంపెనీల పేర్లు మాత్రం విడిగా తీశాను. 16,518 కోట్లన్న అంకె మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టినప్పుడు ఒక్క జవాబు లేదు. ఈ చిన్న జాబితా పెట్టగానే మా కింద ఫ్లాట్ ఆయన, ఈ కంపెనీయేగా మన రోడ్డు వేసింది అని అడిగాడు. ఏ పార్టీకి, ఏ తేదీన, టెండర్ ఎప్పుడు అని ఆ రాత్రి పది దాటేదాకా ప్రశ్నలే. ఆయన ఏ పార్టీ మనిషో గ్రూపులో అందరికీ తెలుసు, ఆ కంపెనీ డబ్బు వెళ్లింది కూడా ఆ పార్టీకే. అయినా అడిగాడు.

బాండు కొన్న తేదీ పక్కన టెండర్ తేదీ ఉన్నంత మాత్రాన లంచమని రుజువు కాదని కూడా అక్కడే రాశాను. అది రాయకపోతే మనమూ ఇంకో పుకారు పుట్టించినట్టే.

కడప_కుర్రోడు
లక్ష్మి గారూ, మా జిల్లా పేర్లు అలా తీయాలంటే ఎలా?

అకౌంట్స్_లక్ష్మి
కొన్నవాళ్ల ఫైల్లో ఊరి పేరు ఉండదు, కంపెనీ పేరే ఉంటుంది. కాబట్టి ముందు మీ జిల్లాలో గత ఐదేళ్లలో పెద్ద పనులు దక్కించుకున్న కంపెనీల పేర్లు టెండర్ల సైట్ నుంచి రాసుకోండి. ఒకే కంపెనీ పేరు రెండు మూడు రకాల స్పెల్లింగులతో ఉండొచ్చు, పేరులో మొదటి ముక్కతోనే వెతకండి. దొరికిన వరుసలో బాండ్ నంబర్ పట్టుకుని రెండో ఫైల్లో చూస్తే పార్టీ తెలుస్తుంది. మాస్టారు చెప్పిన 17సీ కాగితాలు కూడా మీ పార్టీ ఆఫీసులో అడగండి. అవి ఇస్తే రెండు పనులూ ఒకేసారి మొదలుపెట్టొచ్చు.

కడప_కుర్రోడు
అడుగుతాను. మా మండలంవి దొరికితే మాస్టారూ, మీరు ఒకసారి చూసిపెట్టాలి.

పీఓ_మాస్టారు
పంపు. సంతకాలు, ముద్రలు కనబడేలా ఫోటో తియ్యి. కుడివైపు మార్జిన్ కత్తిరించకు, సీల్ నంబర్లు అక్కడే రాస్తారు కొందరు.